బిగించిన కారును ఒప్పుకోని దారి

జర్మనీ దేశపు పడమటి భాగంలో, బెల్జియం సరిహద్దు దాకా పరచుకొని, ఐఫెల్ అనే కొండసీమ ఉన్నది. ఎన్నడో చల్లారిపోయిన అగ్నిపర్వతాల సీమ అది. కొండలు మరీ ఎత్తయినవి కావు. అన్నింటిలోకి పెద్దదైన హోహె ఆఖ్ట్ శిఖరమే 747 మీటర్లు, అంటే మన తిరుమల కంటే తక్కువే. ఆ శిఖరానికి కొద్ది దూరంలో, నల్లరాతి గుట్టమీద, పన్నెండవ శతాబ్దంలో కట్టిన కోట ఒకటి శిథిలమై నిలిచి ఉన్నది. కోట పేరు నూర్‌బుర్గ్. దాని పాదాల చెంత అదే పేరుగల చిన్న పల్లె. చుట్టూ అడవి. ఇక్కడి వాతావరణాన్ని నమ్మినవాడు లేడు. ఏప్రిల్ నెలలో మంచు కురియవచ్చును. ఒక లోయలో ఎండ కాస్తుండగా పక్క లోయలో వాన పడుతూ ఉండవచ్చును.

ఈ కోటనూ పల్లెనూ నడుమ పెట్టుకొని, అడవిలోంచి మెలికలు తిరుగుతూ ఒక రోడ్డు పోతున్నది. పొడవు 20.832 కిలోమీటర్లు. మలుపులు 73. అట్టడుగు చోటికీ అన్నిటికన్న ఎత్తయిన చోటికీ మధ్య తేడా సుమారు 300 మీటర్లు. ఇంత దూరం పోయి ఈ రోడ్డు చేర్చే ఊరేదీ లేదు. బయలుదేరిన చోటికే తిరిగి వస్తుంది. అయినా దానిమీద ఒక్క చుట్టు తిరిగి రావడానికి ఐరోపా నలుమూలల నుంచీ, ఐరోపా వెలుపలి నుంచీ ఏటేటా మనుషులు తమ సొంత కార్లు తోలుకొని వస్తారు. నూర్‌బుర్గ్‌రింగ్ ఉత్తర వలయం అనే పేరు కార్లమీద మక్కువ ఉన్నవారందరికీ తెలిసినదే. తెలియనివారు తెలుసుకోవలసిన సంగతి ఒకటున్నది. పందెపు కార్ల పేరు మీద ప్రసిద్ధికెక్కిన ఈ చోటు, సోమవారంనాడు బజారుకు పోయి కూరగాయలు తేవలసిన మామూలు కార్లకే అసలైన పరీక్ష పెడుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత ఐఫెల్ సీమలో దారిద్ర్యం తాండవించింది. భూమి చవుడు, చలి ఎక్కువ, పరిశ్రమలు లేవు. అదెనావ్ పట్టణపు జిల్లా అధికారి ఒట్టో క్రొయిట్స్, నిరుద్యోగులకు పని చూపడానికి ఒక పథకం వేశాడు. అంతకు ముందు ఈ ప్రాంతపు మామూలు రోడ్ల మీదనే కార్ల పందేలు జరిగేవి. వాటికి వేరే దారి వేస్తే కూలీలకు కూడు దొరుకుతుంది, ఆ తరువాత ఊరికి యాత్రికులు వస్తారు అని ఆయన ఆలోచన. 1925 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. వేల మంది కూలీలు పలుగులూ పారలూ పట్టి పనిచేశారు. కొండను చదును చేసే యంత్రాలు ఈనాటివలె లేవు గనుక రోడ్డు కొండ చెప్పినట్టు విన్నది. కొండ లేచిన చోట లేచింది, పడిన చోట పడింది. 1927 జూన్ 18న ప్రారంభోత్సవమయింది. మరునాడు జరిగిన మొదటి కార్ల పందెంలో మెర్సిడెస్ నడిపి రుడోల్ఫ్ కరాచ్చొలా గెలిచాడు.

పందేలు లేని వేళల్లో రుసుము చెల్లించిన వారెవరైనా ఆ రోడ్డు మీద తమ బండి నడుపుకోవచ్చునని తొలినాళ్ళ నుంచే ఏర్పాటు. నేటికీ అదే ఏర్పాటు సాగుతున్నది. యాత్రికులకు తెరిచిన సమయంలో ఆ వలయం చట్టం దృష్టిలో పందెపు బాట కాదు. ఒకే దిక్కున సాగే సుంకపు రహదారి. దేశంలోని మామూలు రహదారి నిబంధనలే అక్కడా వర్తిస్తాయి. ముందు పోయే బండిని ఎడమ వైపు నుంచే దాటాలి. గడియారం పెట్టి చుట్టుకు ఎన్ని నిమిషాలు పట్టిందని కొలవడం నిషిద్ధం. ప్రమాదం జరిగితే పోలీసులు దానిని రోడ్డు ప్రమాదంగానే నమోదు చేస్తారు. అంచున ఉన్న ఇనుప కమ్మీలను గుద్దితే మరమ్మతు ఖర్చు గుద్దినవాడే చెల్లించాలి. చాలా బీమా ఒప్పందాలు ఇటువంటి చోటును తమ పూచీలోంచి తొలగిస్తాయి. ఆ ఖర్చు వెచ్చని వేసంగి సాయంకాలం టికెట్టు కొనే ముప్ఫై ఏళ్ళ యువకుడికి గుర్తుకు రాదు.

1968లో వానలో, దట్టమైన పొగమంచులో ఇక్కడ జరిగిన పందాన్ని జాకీ స్టీవర్ట్ నాలుగు నిమిషాలకు పైబడిన తేడాతో గెలిచాడు. ఈ చోటుకు 'పచ్చని నరకం' అని పేరు పెట్టినవాడు అతడే. 1970లో అగ్రశ్రేణి చోదకులు ఇక్కడ నడపడానికి నిరాకరించగా పందెం హోకెన్‌హైమ్‌కు తరలిపోయింది. రోడ్డు మీద కొన్ని గుట్టలు తొలిచి, అంచున కమ్మీలు వేసిన తరువాత వారు తిరిగి వచ్చారు. 1976 ఆగస్టు 1న బెర్గ్‌వెర్క్ మలుపు సమీపంలో నికీ లౌడా కారు అదుపు తప్పి గుద్దుకొని మంటల్లో చిక్కుకున్నది. తోటి చోదకులు తమ కార్లాపి అతణ్ణి బయటికి లాగారు. వెనుక చక్రం దగ్గర సస్పెన్షన్ భాగమేదో విరిగిందని పలువురు భావించారు గాని కారణం నిర్ధారణగా తేలలేదు. ఆరు వారాలకే లౌడా మళ్ళీ పందెంలో దిగాడు; ఆ తరగతి పందేలు మాత్రం ఈ వలయం మీదికి మళ్ళీ రాలేదు. వారికోసం 1984లో పక్కనే పొట్టిదైన కొత్త బాట తయారయింది. పాత రోడ్డు అడవిలో అలాగే మిగిలిపోయింది.

సస్పెన్షన్ అంటే బండి బరువును చక్రాల మీద మోసే ఏర్పాటు. అందులో ముఖ్యమైనవి రెండు. ఒకటి స్ప్రింగు; అది బరువును మోస్తుంది. రెండవది షాక్ అబ్జార్బరు. ఆ పేరు కొంత మోసకారి, ఎందుకంటే కుదుపును మింగేది స్ప్రింగే. అణిగిన స్ప్రింగు తిరిగి లేచి, మళ్ళీ అణిగి, ఉయ్యాలవలె ఊగుతూనే ఉండకుండా ఆ ఊపును చంపడమే షాక్ అబ్జార్బరు పని. లోపల నూనె, చిన్న చిన్న రంధ్రాలు, వాటిని మూసే పలుచని ఉక్కు బిళ్ళలు ఉంటాయి. నూనె ఇరుకు దారిలో పోవలసి వచ్చినప్పుడు పుట్టే నిరోధమే ఊపును ఆపుతుంది.

దీన్ని మనిషి తన ఇష్టానికి బిగించుకోవడం కొత్త సంగతి కాదు. ఈ వలయం కట్టిన నాటి కార్లకు మన లారీలకున్నటువంటి కమాను కట్టలే ఆధారం. వాటి ఊపును ఆపడానికి ఒకదానిమీద ఒకటి రాసుకొనే బిళ్ళలుండేవి. నడుమనున్న మరను బిగిస్తే బండి గట్టిపడేది, వదులు చేస్తే మెత్తబడేది. నేడు అంగళ్ళలో కాయిలోవర్ అనే పేరుతో దొరికే సరంజామా దానికి మునిమనుమడు. ఇందులో షాక్ అబ్జార్బరు చుట్టూ స్ప్రింగు తొడిగి ఉంటుంది. స్ప్రింగు కింది పళ్ళెం మర చుట్ల మీద కూర్చుంటుంది. దాన్ని పైకో కిందికో తిప్పితే కారు ఎత్తు మారుతుంది. కొస మీద చిన్న బిరడా ఉంటుంది. దాన్ని తిప్పితే టిక్కు టిక్కుమంటూ ఒక్కొక్క మెట్టే నూనె దారి ఇరుకవుతుంది. ఖరీదైన వాటిలో రెండు బిరడాలుంటాయి. చక్రం పైకి లేచి స్ప్రింగు అణిగేటప్పటి నిరోధానికి ఒకటి; దీన్ని కంప్రెషన్ అంటారు. అణిగిన స్ప్రింగు తిరిగి సాగేటప్పటి నిరోధానికి మరొకటి. దీన్ని రీబౌండ్ అంటారు.

కొలోన్ నుంచో బాన్ నుంచో శుక్రవారం సాయంకాలం బయలుదేరి వచ్చే ఒక యువకుణ్ణి ఇక్కడ ఊహించుకోవచ్చును. అటువంటివారు వందల మంది. అతడి కారు పదేళ్ళనాటి చిన్న బండి. సోమవారం ఉదయం అదే బండిలో ఉద్యోగానికి పోవాలి. వారం మధ్యలో తల్లిని ఆసుపత్రికి తీసుకుపోవాలి. దాచుకున్న డబ్బుతో కాయిలోవర్లు కొన్నాడు. కొన్ననాడే అందరూ చేసే పనే తానూ చేశాడు: పళ్ళేలు దించగలిగినంత దించాడు, బిరడాలు బిగించగలిగినంత బిగించాడు. కారు నేలకు కరచుకొని నిలబడి చూడముచ్చటగా ఉన్నది. నున్నని ఆటోబాన్ మీద అది రాతిబండలా కదలకుండా పోయింది. గట్టిగా ఉన్నదంటే వేగంగా ఉన్నదని అతడు నమ్మాడు. ఈ నమ్మకానికి ఐఫెల్ రోడ్డు కంటే కఠినమైన పరీక్షకుడు దొరకడం కష్టం.

వలయం మొదట్లోనే హాట్సెన్‌బాఖ్ అనే చోట మలుపులు ఎడమకూ కుడికీ వెంట వెంటనే వస్తాయి. బిగించిన కారు ఇక్కడ మెప్పు పొందుతుంది. చుక్కాని తిప్పగానే మాట వింటుంది, ఒక వైపునుంచి మరో వైపుకు ఒరగడానికి తాత్సారం చేయదు. యువకుడి ధైర్యం రెట్టింపవుతుంది. అక్కడినుంచి రోడ్డు ఫ్లూగ్‌ప్లాట్స్‌కు ఎక్కుతుంది. విమానాశ్రయమని ఆ మాటకు అర్థం. గ్లైడర్లు ఎగిరే మైదానం ఒకటి పక్కన ఉన్నందున ఆ పేరు వచ్చింది. అయితే కార్లు కూడా అక్కడ ఎగిరేవి. 2015 మార్చిలో ఒక పందెపు కారు ఈ గుట్టమీద గాలిలోకి లేచి, కమ్మీ దాటి పడగా ప్రేక్షకుడొకడు మరణించాడు. కొంతకాలం పందేలలో కొన్ని చోట్ల వేగానికి పరిమితి పెట్టారు. ఆ చలికాలంలో గుట్టల వరుసను చెక్కి చదును చేశారు. ఒక విధంగా చూస్తే అది రోడ్డుకే చేసిన సస్పెన్షన్ మరమ్మతు.

గుట్ట దాటేటప్పుడు కారు తేలికపడుతుంది. అప్పుడు చక్రం కిందికి జారి రోడ్డును వదలకుండా పట్టుకోవాలి. రీబౌండ్ అతిగా బిగిస్తే చక్రం జారదు. కారు శరీరంతో పాటే పైన వేలాడుతుంది. వరుసగా గతుకులు వచ్చిన చోట ఇంకొక చిక్కున్నది. ఒక గతుకుకు అణిగిన స్ప్రింగు పూర్తిగా లేవకముందే రెండో గతుకు తగులుతుంది, ఆ వెంటనే మూడోది. కారు గతుకు గతుకుకూ కొద్దికొద్దిగా కుంగిపోతూ చివరికి కదలడానికి చోటే లేనంతగా అణిగిపోతుంది. నడిపేవాడికి మాత్రం స్ప్రింగు చాలా గట్టిదని తోస్తుంది. అందువల్ల మరింత మెత్తని స్ప్రింగు కొనాలనుకుంటాడు. చేయవలసిన పని మాత్రం బిరడాను నాలుగు మెట్లు వదులు చేయడమే.

తరువాత వచ్చేది ఫుక్స్‌రోరె, అంటే నక్క బొరియ. రోడ్డు నిట్టనిలువుగా లోయలోకి దిగి, అడుగున ఒక్కసారిగా ఎదురెక్కుతుంది. ఆ అడుగున కారూ మనిషీ బరువెక్కిపోతారు. పొట్టలోని పేగులకు ఆ సంగతి ముందుగా తెలుస్తుంది. ఇక్కడ ఒక చిన్న లెక్క చూడదగినది. నిలిచి ఉన్న కారు బరువుకు స్ప్రింగు ఎంత అణిగి ఉన్నదో తెలిస్తే, ఆ కారు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పవచ్చును. సెకనుకు ఒకసారి ఊగే మెత్తని కారులో, చక్రం దగ్గర కొలిస్తే, ఆ అణుగుదల సుమారు 25 సెంటీమీటర్లు. ఒకటిన్నరసార్లు ఊగేదానిలో 11. రెండుసార్లు ఊగే గట్టి కారులో 6. సంసారపక్షపు కార్లు చాలావరకు మొదటి రెండు లెక్కల నడుమ ఉంటాయి; యువకుడు కొన్న సరంజామా మూడవ లెక్కకు దగ్గరగా ఉంటుంది. లోయ అడుగున కారు బరువు ఒకటిన్నర రెట్లయిందని అనుకుంటే స్ప్రింగులు మరో సగం అణగాలి. అంటే గట్టి కారుకు కూడా 3 సెంటీమీటర్ల చోటు కావాలి. పళ్ళేలు పూర్తిగా దించిన కారులో చక్రం పైకి లేచేందుకు మిగిలిన చోటు దాదాపు అంతే. అదే క్షణంలో రోడ్డు ఎడమకు ఒరుగుతుంది. కుడివైపు చక్రాల మీద మరింత బరువు పడుతుంది. అక్కడితో చోటు చెల్లు. చక్రం పోయి రబ్బరు దిమ్మెను గుద్దుకుంటుంది.

రబ్బరు దిమ్మె తగిలితే వినపడే చప్పుడు అంత భయంకరం కాదు, దాని ఫలితమే భయంకరం. ఆ మూల గట్టిదనం ఉన్నట్టుండి ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ మూలనున్న టైరు మీద మోయలేనంత బరువు వచ్చి పడుతుంది, పట్టు జారుతుంది. ముందు చక్రానికి తగిలితే కారు మలుపు తిరగక తిన్నగా పోతుంది. వెనుక చక్రానికి తగిలితే తోక విసురుతుంది. అక్కడ వేగం గంటకు 200 కిలోమీటర్లకు తక్కువ కాకపోవచ్చును, పక్కన కమ్మీ ఒక్క గజం దూరంలో ఉండవచ్చును. కారు దించడం వల్ల వచ్చిన మేలంతా ఆ ఒక్క క్షణంలో బాకీతో సహా తీరిపోతుంది.

దించడంలో మరొక రహస్యం ఉన్నది. చాలా చిన్న కార్లలో ముందు చక్రాన్ని కింది నుంచి పట్టుకొని ఉండే ఇనుప భుజం, చక్రం వైపు కొద్దిగా వాలి ఉంటుంది. కారును దించిన కొద్దీ ఆ భుజం సమతలమై, ఆపైన ఎదురు వాలుగా లేస్తుంది. అప్పుడు కారు ఏ బిందువు చుట్టూ పక్కకు ఒరుగుతుందో ఆ బిందువు, కారు బరువు కేంద్రం కంటే వేగంగా కిందికి పోతుంది. రెండింటి నడుమ దూరం పెరుగుతుంది. దూరం పెరిగితే ఒరిగే బలమూ పెరుగుతుంది. కారును కిందికి దించితే తక్కువ ఒరుగుతుందనే లోకాభిప్రాయం, ఒక హద్దు దాటిన తరువాత, తలకిందులవుతుంది. ఆ ఒరుగుదలను అణచడానికి ఇంకా గట్టి స్ప్రింగు వేస్తారు. ఇలా ఒక తప్పు మరొక ఖర్చుకు దారి తీస్తుంది.

అదెనావ్ పట్టణం సమీపాన బ్రైడ్‌షైడ్ వంతెన దగ్గర రోడ్డు తన అట్టడుగుకు చేరి, మళ్ళీ కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. దారిలో కరాచ్చొలా పేరు పెట్టిన కరుసెల్ వస్తుంది. వెనక్కి తిరిగేదాకా సాగే ఎడమ మలుపు అది. లోపలి అంచున ఏటవాలు గుంట. నీరు పోవడానికి కట్టిన ఆ గుంటలో చక్రాలు దింపి తిరిగితే త్వరగా పోవచ్చునని మొదట గ్రహించినవాడు కరాచ్చొలా అని చెబుతారు. గుంటలోకి దిగిన కారును ఆ వాలు నేలకేసి అదుముతుంది. అతిగా దించిన కార్ల పొట్టలు ఇక్కడ నేలను గీస్తాయి. మరికొంత దూరాన ఫ్లాంట్స్‌గార్టెన్ వద్ద రోడ్డు కారు కిందనుంచి జారిపోయి, మళ్ళీ వచ్చి తగులుతుంది. ఒక్క చుట్టులోనే అణుగుడు, ఎగురుడు, ఒరుగుడు, గతుకు అన్నీ వస్తాయి. వాటిలో ఒక్కదానికే తగినట్టు బిగించిన కారు తక్కిన మూడింటిలోనూ తప్పుతుంది. పందెపు బాటలు సాధారణంగా చదునుగా, నున్నగా ఉంటాయి గనుక అక్కడ గట్టిదనం చెల్లుతుంది. ఇది పేరుకు పందెపు బాట, స్వభావానికి పల్లెటూరి రోడ్డు.

మొదటి చుట్టు పూర్తిచేసి వచ్చినవాడు ఇనుప కమ్మీని తాకకుండా వస్తే అదృష్టవంతుడే. వలయం చుట్టుపక్కల పల్లెల్లో, మొయిష్‌పాత్ పారిశ్రామికవాడలో, ఇలా వచ్చేవారి కోసం మరమ్మతు శాలలున్నాయి. అక్కడ పనివారు మొదట బిరడాలను ముట్టుకోరు. టైర్లలో గాలి చూస్తారు. చోదకుడి బరువుకు సరిపడా సంచులు అతడి సీటులో పెడతారు. చక్రం నడిబొడ్డు నుంచి పైనున్న రేకు అంచు దాకా నాలుగు మూలలా కొలుస్తారు. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల లెక్కను చెడగొడుతుంది. పళ్ళెం ఒక చుట్టు తిప్పిన ప్రతిసారీ కారును ముందుకూ వెనక్కూ దొర్లించి, స్ప్రింగులు సర్దుకున్న తరువాతనే మళ్ళీ కొలుస్తారు. ముందు చక్రాల దగ్గర పళ్ళెం ఎంత కదిలితే కారు ఇంచుమించు అంతే కదులుతుంది. కొన్ని కార్లలో వెనుక స్ప్రింగు భుజం నడుమ కూర్చుంటుంది. అక్కడ 10 మిల్లీమీటర్లు తిప్పితే చక్రం దగ్గర 15 దాకా మారవచ్చును. ఈ తేడా తెలియక ఎందరో కారు తోకను నేలకు ఈడ్చుకుంటారు.

ఆపైన నాలుగు చక్రాల కింద నాలుగు త్రాసులు పెడతారు. నులకమంచం మీద పడుకున్నవారికెవరికైనా ఈ పని అర్థమవుతుంది. మంచానికి ఒక కోడు కొద్దిగా పొడవైతే, బరువంతా ఆ కోటి మీదా దానికి ఐమూలగా ఉన్న కోటి మీదా పడుతుంది. మిగతా రెండూ టకటక కొట్టుకుంటాయి. కారు కూడా అంతే. ఒక మూల పళ్ళెం పైకెత్తితే ఆ మూలకూ, ఐమూల చక్రానికీ బరువు చేరుతుంది. కంటికి నాలుగు మూలలూ సమానంగా కనిపించే కారు త్రాసు మీద ఎంతో తేడా చూపవచ్చును. అటువంటి కారు ఎడమ మలుపులో ఒక విధంగా, కుడి మలుపులో మరొక విధంగా నడుస్తుంది. చివరగా చక్రాల వాలు, అవి చూసే దిక్కు సరిచేస్తారు. ఎత్తు మారితే ఇవి రెండూ మారతాయి గనుక ఈ వీల్ అలైన్‌మెంట్ ముందు చేయించి తరువాత ఎత్తు మార్చడం డబ్బు దండుగ.

ఇదంతా అయిన తరువాత బిరడాల వంతు. పద్ధతి చాలా సాదా. బిరడాను పూర్తిగా మూసేదాకా, బలవంతం చేయకుండా, తిప్పాలి. అక్కడినుంచి వెనక్కు మెట్లు లెక్కపెట్టాలి. కుడి ఎడమలు సమానంగా ఉండాలి. మెత్తని వైపు నుంచి మొదలుపెట్టాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. మార్చినది కాగితం మీద రాయాలి. కారు గతుకు దాటాక ఇంకా ఊగుతుంటే రీబౌండ్ రెండు మెట్లు బిగించాలి. ఊగడం ఒక్క ఊపుతో ఆగిపోతే అక్కడ చేయి తీసేయాలి. చేయి తీసేయడమే చాలామందికి చేతకాదు. పన్నెండు మెట్లున్నవాడు పన్నెండో మెట్టు దాకా పోతేనే కొన్న ఖరీదు గిట్టినట్లనుకుంటాడు.

కారు ఎత్తు విషయంలో జర్మనీ ప్రభుత్వం చోదకుడి ఇష్టానికి వదలలేదు. సస్పెన్షన్ మార్చిన బండి తనిఖీ సంస్థ ఇంజనీరు ముందుకు పోవాలి. తయారుచేసినవారు ఇచ్చిన పరీక్షాపత్రంలో ఏ కారును ఎంతవరకు దించవచ్చునో రాసి ఉంటుంది. ఇంజనీరు ఆ హద్దులు చూసి, చక్రాలు ఎక్కడైనా రాసుకుంటున్నాయేమో పరీక్షించి, సమ్మతమైతేనే పత్రాలు ఇస్తాడు. హద్దు దాటి దించితే బండి నడిపే అనుమతే రద్దు కావచ్చును. బిరడాల మెట్లు మాత్రం ఎన్నయినా తిప్పుకోవచ్చును. ఆ స్వేచ్ఛకు బాధ్యత తిప్పినవాడిదే.

మన దేశంలో పరిస్థితి ఇంకా కచ్చితం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ విభాగం, తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా సమర్థించింది. చట్టం మాట అటుంచి, మన రోడ్లు కూడా దించిన కారుకు అనుకూలమైనవి కావు. వేగనిరోధకపు గుట్ట 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని భారత రహదారుల సమ్మేళనం ప్రమాణం. మన వీధుల్లో రాత్రికి రాత్రి వెలిసే గుట్టల్లో ఆ కొలతకు కట్టుబడినవి ఎన్నో ఎవరికి వారు చూసుకోవచ్చును. అయినా ఈ విద్యలో సగం మనకూ పనికివస్తుంది. టైర్లలో గాలి చూసుకోవడానికీ, అరిగిన షాక్ అబ్జార్బర్లు మార్చడానికీ, మార్చాక అలైన్‌మెంట్ చేయించడానికీ ఎవరి అనుమతీ అక్కరలేదు.

వేసవిలో ఐఫెల్ కొండల మీద చాలా పొద్దుపోయేదాకా వెలుగు ఉంటుంది. మూసివేత వేళ అయ్యాక దోటింగెన్ మిట్టన ఉన్న ఆవరణలో కార్లు బారులు తీరి చల్లారుతుంటాయి. కాలిన బ్రేకుల వాసన. ఎవరో ఒకరు ఈడ్పు బండి మీద తమ కారును ఎక్కిస్తూ ఉంటారు. తక్కినవారు అటు చూడనట్లు నటిస్తారు. ఏడాదిపాటు వచ్చిపోయిన తరువాత ఆ యువకుడు తన కారును రెండు సెంటీమీటర్లు పైకి లేపి ఉంటాడు. తనిఖీ పత్రంలో రాసిన హద్దుకు లోపలే ఉంది గనుక ఇంజనీరుతో పేచీ లేదు. చేతిలోని చిన్న పుస్తకంలో రెండు వరుసలుంటాయి: ఒకటి వలయం మీద బిరడాలు ఎన్నో మెట్టున ఉండాలో, రెండవది ఇంటిదారిలో ఎన్నో మెట్టున ఉండాలో. మొదట్లో ఈ రెండు వరుసల మధ్య తేడా ఎనిమిది మెట్లు. ఇప్పుడు రెండే. అతడు మోకాళ్ళ మీద కూర్చొని నాలుగు మూలలా ఆ రెండు మెట్లూ వెనక్కు తిప్పి, చేతులు తుడుచుకొని, తల్లిని బుధవారం ఎన్ని గంటలకు తీసుకుపోవాలో అడగడానికి ఫోను తీస్తాడు.